నాలుగేళ్ళ పాపకి ఊహాశక్తి పెరగాలంటే డ్రాయింగ్ క్లాసులో చేర్చాలా?

పాపకి నాలుగేళ్ళు, ఫోన్ తీసేస్తే ఏమీ తోచదంటోంది, డ్రాయింగ్ క్లాసులో వేస్తే ఊహాశక్తి పెరుగుతుందా అని అడిగారు. నేను చాలా ఏళ్ళు నర్సరీ పిల్లలకు చెప్పాను, ఇంట్లో ఇద్దర్ని పెంచాను. నా మటుకు ఇప్పుడే క్లాసు వద్దంటాను. కథతో మొదలుపెట్టండి, అదీ మీకు బాగా వచ్చిన కథతో.

ఏడు చేపల కథ మీకు వచ్చే ఉంటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంది. అక్కణ్ణుంచి ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చివరికి చీమ. ముందు దీన్ని ఉన్నదున్నట్టే చెప్పండి. పాపకి వరస నోటికి వచ్చేశాక ఒకచోట మెలిక పెట్టండి. "ఆవా ఆవా, ఎందుకు మేయలేదు?" అంటే తను ఠక్కున "పాలేరు మేపలేదు" అంటుంది. "ఇవాళ పాలేరు మేపాడట, అయినా తినలేదట" అని ఊరుకోండి.

క్లాసులో ఈ మెలిక పెట్టినప్పుడల్లా ముందు కాసేపు నిశ్శబ్దం. తర్వాత "దానికి జ్వరం" అని ఒకరు, "దానికి నూడుల్స్ కావాలి" అని ఇంకొకరు. ఒకసారి ఒక బుడ్డోడు "అందరూ చూస్తుంటే ఆవుకి సిగ్గేసింది" అన్నాడు. ఎవరు చూస్తున్నారు, ఆవు ఎక్కడ దాక్కుంది అని అడుగుతూ పోయాను. గంట కొట్టేశారు, కథలోకి చీమ రానే లేదు.

"ఏదైనా కొత్త కథ చెప్పు" అంటే పెద్దవాళ్ళకే నోరు పెగలదు. ఇక్కడ ప్రశ్నలు, వరస ముందే ఉన్నాయి కాబట్టి పిల్లలు ఒక్క జవాబు కల్పిస్తే చాలు. అందుకే మాట సరిగా రాని పిల్లలు కూడా ఇందులో దూరిపోతారు. ఒక్క జాగ్రత్త. "ఆవుకి సిగ్గేంటే పిచ్చిమొహమా" అని ఇంట్లో ఎవరో ఒకరు, ప్రేమగానే, అంటారు. ఆ నవ్వుతో పిల్ల మళ్ళీ పాలేరు దగ్గరికి వెళ్ళిపోతుంది. వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

బొమ్మల సంగతికొస్తే, బ్యాటరీ బొమ్మ నొక్కగానే అన్నీ అదే చేసేస్తుంది, పిల్లకి చూడటమే మిగులుతుంది. మన లక్కపిడతలు అలా కాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క రంగులద్దే బుల్లి గిన్నెలు, కుండలు ఉంటాయి చూడండి, అందులో అన్నం, కూర, పెళ్ళి భోజనం అన్నీ పిల్లే ఊహించుకోవాలి. అవి దొరక్కపోతే వంటింటి గిన్నెలు, పాత చున్నీ, ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు చాలు. (మా ఇంట్లో ఫ్రిజ్ వచ్చిన పెట్టెకి దక్కిన గౌరవం ఆ ఫ్రిజ్‌కి దక్కలేదు.)

ఫోన్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇదీ: రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసేది రోజుకి గంట దాటకూడదు, తగ్గితే మరీ మంచిది. తగ్గించిన మొదట్లో పేచీ పెడుతుంది, టెన్షన్ పడకండి. "ఏమీ తోచట్లేదు" అనగానే ఏదో ఒక పని చేతిలో పెట్టకండి. కాసేపు నసిగి, మంచం కిందో తలుపు వెనకో తనే ఏదో ఆట మొదలుపెడుతుంది. అప్పుడు వీడియో తీయడానికి మాత్రం వెళ్ళకండి.

ఇక డ్రాయింగ్. ఈ వయసులో గీయడం మొదలుపెట్టినప్పుడు ఏనుగు, అయ్యేసరికి బస్సు అవుతుంది. కాబట్టి "ఇదేంటి?" అని నిలదీయకుండా "దీని గురించి చెప్పు" అనండి. గీత దాటకుండా రంగు వేయడం చేతికి మంచి సాధనే కానీ, ఊహకి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చాక తనే అడిగితే క్లాసులో చేర్చండి. ఈలోపు ఆ ఫీజు డబ్బుల్లో కొంత పెట్టి తెల్లకాగితాల కట్ట, సుద్దముక్కల డబ్బా కొనండి, వరండా నేల ఎలాగూ ఉంది.