శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు విమానంలో వెళ్తే ఎంతసేపు?

శ్రీకాకుళం వాళ్లు విమానం ఎక్కేది విశాఖలో. విశాఖ, శంషాబాద్ విమానాశ్రయాల మధ్య ఆకాశంలో దూరం సుమారు 510 కి.మీ. గంటకు 800 కి.మీ. వేగంతో లెక్కేస్తే 40 నిమిషాలే రావాలి కదా, టికెట్‌లో గంటా పావు ఎందుకు అంటారా? ఆ టైము విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడం, గాల్లో పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోవే. పైగా ఇంత చిన్న దారిలో పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే. ఏటీఆర్ లాంటి పంకాల విమానమైతే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. చలికాలంలో పడమటి గాలి ఎదురొస్తుంది కాబట్టి వెళ్లేటప్పటికంటే తిరుగు ప్రయాణం కొన్ని నిమిషాలు తగ్గుతుంది.

మనకు అసలు సమయం తినేది రోడ్డే. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం దాదాపు 110 కి.మీ., రెండున్నర గంటలు వేసుకోండి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఉదయం 6 గంటల విమానమైతే రాత్రి 2కే బయల్దేరాలి. బుక్ చేసేటప్పుడు టికెట్‌పై విమానాశ్రయం పేరు తప్పక చూడండి: భోగాపురం అయితే దారిలోనే, చాలా ముందే వస్తుంది.