పాఠకుల ప్రశ్నలు: సర్పంచ్ కుర్చీ నుంచి లోక్‌సభకు

ప్రశ్న: ఒకసారి సర్పంచ్‌గా, ఒకసారి జెడ్పీటీసీగా చేశాను. ఎమ్మెల్యే కాకుండా నేరుగా ఎంపీకి పోటీ చేయొచ్చా? (కోనసీమ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నిరభ్యంతరంగా చేయొచ్చు. చట్టం మెట్లేమీ పెట్టలేదు. సర్పంచ్‌కి 21 ఏళ్లు నిండాలి, లోక్‌సభకి 25, రాజ్యసభకి 30. రిజర్వుడు స్థానమైతే ఆ వర్గానికి చెందినవారై ఉండాలి.

అసలు కష్టం పరిధితోనే. జెడ్పీటీసీ అంటే ఒక్క మండలం. ఎంపీ స్థానం అంటే ఏపీలోనైనా తెలంగాణలోనైనా ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. సొంత మండలం ఎంత మెజారిటీ ఇచ్చినా మిగతా ఆరు చోట్ల మీ పేరు తెలియకపోతే గట్టెక్కలేరు. పైగా సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తు ఉండదు కాబట్టి ఆ గెలుపు చూసి పార్టీలు బి-ఫారం (తమ అధికారిక అభ్యర్థి అని తెలిపే పత్రం) ఇవ్వవు. గుర్తు మీద గెలిచిన జెడ్పీటీసీకే కాస్త విలువ ఎక్కువ.

మీ ప్రాంతం మనిషే మంచి ఉదాహరణ. జి.ఎం.సి. బాలయోగి 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యారు, 1991లో అమలాపురం ఎంపీ అయ్యారు. మధ్యలో అసెంబ్లీ లేదు. అయితే అప్పట్లో చైర్మన్‌ను జిల్లా ఓటర్లంతా నేరుగా ఎన్నుకునేవారు. అంటే ఎంపీ స్థానం కన్నా పెద్ద పరిధిలో ఆయన ముందే గెలిచి ఉన్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చైర్మన్‌ను జెడ్పీటీసీలే ఎన్నుకుంటున్నారు. జిల్లా అంతటికీ ముఖం తెలిసే ఆ దారి మూసుకుపోవడం నిజంగా నష్టమే. 1996లో ఓడిపోయాక ఆయన ముమ్మిడివరం ఎమ్మెల్యేగా గెలిచి రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకర్ అయ్యారు.

ప్రశ్న: నామినేషన్ సర్పంచ్‌కి వేసినట్టే కదా? ఎక్కడ తిరస్కరిస్తారు?

జవాబు: అలా అనుకునే చాలామంది దెబ్బతింటారు. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 12,500. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలి. వాళ్లంతా ఆ నియోజకవర్గం ఓటర్లే కావాలి. పక్క నియోజకవర్గం చుట్టం సంతకం పెడితే చెల్లదు. మీ ఓటు వేరేచోట ఉంటే పోటీకి అడ్డు కాదు గానీ, ఆ ఓటరు జాబితా ధ్రువీకృత ప్రతి జతచేయాలి.

ఎక్కువ తప్పులు జరిగేది ఫారం 26 అఫిడవిట్‌లో, అంటే ఆస్తులు, అప్పులు, కేసులు ప్రకటించే ప్రమాణ పత్రంలో. ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు. అప్పు లేకపోతే ‘లేదు’ అని, మీకు సంబంధించనిదైతే ‘వర్తించదు’ అని రాయండి. గీత గీసి వదిలేయొద్దు. రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చాక కూడా నింపకపోతే తిరస్కరించవచ్చు. ఇక పార్టీ ఇచ్చే ఎ, బి ఫారాలు నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు చేరాలి, వాటి మీద సిరా సంతకం ఉండాలి. జిరాక్స్ పనికిరాదు. నామినేషన్ ఇచ్చాక, నామినేషన్ల పరిశీలన తేదీకి ముందే రాజ్యాంగానికి విధేయతా ప్రమాణం చేయాలి. హడావుడిలో మరిచిపోయేది ఇదే.

కాంట్రాక్టు పనులు చేసే నాయకులు ఇంకో సంగతి గమనించాలి. లోక్‌సభకైతే కేంద్ర ప్రభుత్వంతో, అసెంబ్లీకైతే రాష్ట్ర ప్రభుత్వంతో నడుస్తున్న సరఫరా లేదా పనుల ఒప్పందం మీ పేరున ఉంటే అనర్హత.

ప్రశ్న: ఖర్చు లెక్క ఎలా రాయాలి?

జవాబు: మన రెండు రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి పరిమితి 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఎన్నిక మొత్తంలో ఒకరికి 10,000 రూపాయలు దాటి నగదు ఇవ్వకూడదు. రిజిస్టర్లో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకు లెక్కకు. ఏ రోజు ఖర్చు ఆ రోజే ఎక్కించండి. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు ఎన్నికల వ్యయ పరిశీలకుడి ముందు పెట్టాలి. స్టార్ ప్రచారకుడి సభలో మీరు వేదిక ఎక్కితే ఆ ఖర్చులో వాటా మీ లెక్కలో పడుతుంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే, సరైన కారణం లేకపోతే మూడేళ్ల అనర్హత. ఓడినవారు ‘ఇంకేముంది’ అని వదిలేసి, తర్వాతి స్థానిక ఎన్నికలకూ దూరమవుతుంటారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ కూడా గల్లంతే.

ప్రశ్న: ఎంపీ అయ్యాక ఊరి పనులకు చెక్ పవర్ ఉంటుందా?

జవాబు: ఉండదు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, అవి మీ చేతికి రావు. మీరు పని సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేసి జరిపిస్తుంది. ఇందులో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ ఆవాసాలకు సిఫారసు చేయాలి. సర్పంచ్‌గా ఎంబీ (పనుల కొలతల పుస్తకం) రికార్డు చదవడం నేర్చుకున్నవారికి ఇక్కడ పెద్ద లాభం. ఏ పని అంచనాలో ఆగింది, ఏది బిల్లు దగ్గర ఆగింది అన్నది అధికారిని అడగడం వారికి తెలుసు.