బయటి తిండికి నెలకు 9,600: మానేస్తే చేతిలో మిగిలేది ఎంత?

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 64,000 వస్తుంది. ఏడేళ్ల పాప, పదకొండేళ్ల బాబు, మా అత్తయ్య. తిండికే నెలకు 25,600 అవుతోంది. ఇందులో కిరాణా 8,000, పాలు పెరుగు 3,200, కూరగాయలు పండ్లు 3,000, కోడి గుడ్లు 1,800, మిగతా 9,600 బయటి తిండి. క్రెడిట్ కార్డు మీద 22,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నాను. ఇంట్లోనే వండుకుంటే ఎంత మిగులుతుంది? పిల్లలు ముఖం మాడ్చుకోకుండా ఎలా తగ్గించాలి?

జవాబు: అమ్మా, జీతంలో 40 శాతం తిండికి పోతోంది. మీరు పంపిన లెక్కల్లో కూరగాయల దగ్గరా పాల దగ్గరా తగ్గించడానికి ఏమీ లేదు, వాటిని ముట్టుకోవద్దు. ఐదుగురున్న ఇంట్లో 3,000కి కూరగాయలూ పండ్లూ సర్దుతున్నారంటే మీరు జాగ్రత్తగానే కొంటున్నారు. చూడాల్సింది ఆ 9,600 ఒక్కటే. మీ ఫోన్ ఆర్డర్ల పట్టీ ప్రకారం దాన్ని విడదీస్తే, పనిరోజుల్లో రాత్రిపూట 14 ఆర్డర్లు, సగటున 310 చొప్పున 4,340. నాలుగు ఆదివారాల బిర్యానీ, 870 చొప్పున 3,480. బేకరీ, చిరుతిళ్లు 1,780.

పనిరోజుల ఆర్డర్లలో ఎక్కువ భాగం రాత్రి ఏడున్నరకూ ఎనిమిదిన్నరకూ మధ్య పెట్టినవే. వండటం రాక కాదు, ఆ గంటలో మొదటి నుంచీ మొదలుపెట్టే ఓపిక లేక. కాబట్టి "రేపటి నుంచి బయటి తిండి బంద్" అనుకుంటే రెండో వారానికే బెడిసికొడుతుంది. ఆ గంటకు సగం వంట అయిపోయి ఫ్రిజ్‌లో ఉంటే నిలుస్తుంది.

ముందు లెక్కలో చాలామంది చేసే పొరపాటు చెబుతాను. పది ఆర్డర్లు మానేస్తే 3,100 మిగిలినట్టు రాసుకుంటారు. ఆ పది రాత్రులు ఇంట్లో తినేదానికి ఖర్చు ఉండదా? మీరు రాసిన కిరాణా ధరలతో చూస్తే అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు కలిపి పూటకు 110 దాకా అవుతుంది. అంటే పది రాత్రులకు 1,100 పోను నికరంగా మిగిలేది 2,000. ఈ తీసివేత చేయకపోతే నెలాఖరున "ఇంత వండినా డబ్బు కనిపించలేదే" అని నీరుగారిపోతారు.

ఇక ఆ సగం వంట సంగతి. ఆదివారం సాయంత్రం ఒక గంట, బుధవారం ఇరవై నిమిషాలు చాలు.

దోసె పిండి: కిలో దోసె బియ్యం, 300 గ్రాముల గుండు ఉద్దిపప్పు, చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. మీ ధరల ప్రకారం మొత్తం 90 రూపాయలు, మూడు కిలోల దాకా పిండి వస్తుంది. దోసెలు 30కి తగ్గవు, అంటే దోసె మూడు రూపాయలు. ఐదు గంటలు నానాక ఉద్దిపప్పు ముందు రుబ్బాలి. మిక్సీలో అయితే ఫ్రిజ్ నీళ్లు వాడండి, పిండి వేడెక్కితే సరిగా పొంగదు. తిరుపతి ఎండల్లో ఐదారు గంటల్లో పొంగుతుంది, రాత్రంతా బయట ఉంచితే తెల్లారేసరికి పులుపెక్కి పిల్లలు ముట్టరు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి రుబ్బి, పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉప్పు అప్పుడు ముందే కలపండి, పులవడం కాస్త నెమ్మదిస్తుంది. చలికాలంలో దీన్ని తిరగేసి చేయాలి: పది పన్నెండు గంటలు బయటే ఉంచి, పొంగాక ఉప్పు. మొదటి రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు దోసె, నాలుగో రోజు మిగిలిన దాంట్లో ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి గుంతపొంగణాలు. గిన్నెను ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో వెనక్కి పెట్టండి, తలుపు తీసి మూసినప్పుడల్లా వేడి తగిలి పిండి త్వరగా పులుస్తుంది.

రుబ్బే ఓపిక లేని వారం కిలో 60 పెట్టి పిండి ప్యాకెట్ కొనుక్కోండి, తప్పేమీ లేదు. మూడు కిలోలకు 90 ఎక్కువ పడుతుంది, అంతే. ఒక్క ఆర్డరు తప్పినా, ఇంటి వంట ఖర్చు పోను దానికి రెండింతలు మిగిలినట్టే.

రెండోది ఉడికించిన కందిబేడలు. 300 గ్రాములు కడిగి, మూడింతల నీళ్లు, పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి నాలుగు విజిల్స్. ఉప్పు, చింతపండు, టమోటా ఏదీ ఇప్పుడు వేయొద్దు. పులుపు తగిలితే బేడలు పలుకుగానే ఉండిపోతాయి. చల్లారాక మూడు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులుంటుంది. ఏ పూట డబ్బా ఆ పూటే తీయండి, మొత్తం గిన్నె వేడి చేసి మళ్లీ లోపల పెట్టడం వల్లే పాడవుతుంది. ఒక రోజు ఆకుకూర పప్పు, ఒక రోజు పప్పుచారు, ఒక రోజు సాంబారు. మామిడికాయల కాలంలో అదే డబ్బాతో మామిడికాయ పప్పు. బుధవారం ఇరవై నిమిషాలు అన్నది మళ్లీ ఒకసారి బేడలు ఉడికించడానికే.

మూడోది చెనక్కాయ పొడి. పావు కిలో చెనక్కాయ విత్తనాలు సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు వేయించి, పొట్టు తీసి, వేయించిన పది ఎండుమిర్చి, ఎనిమిది తెల్లగడ్డ పాయలు, జీలకర్ర, ఉప్పుతో మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది. అన్నంలోకి, దోసెలోకి పొడిగానే. రెండు చెంచాలు నీళ్లలో కలిపి తాలింపు పెడితే చట్నీ. వంకాయ కూర పలచబడితే చిక్కదనానికీ అదే. పెద్ద మూటగా చెనక్కాయ విత్తనాలు కొని నిల్వ పెట్టొద్దు, ఎండాకాలంలో కనరు వాసన పట్టేస్తాయి. కిలో కొని అయిపోయాక మళ్లీ కిలో.

శనివారం మీ ఇంట్లో ఎలాగూ నీసు ఉండదని రాశారు. ఆ రోజుకు పులిహోర గుజ్జు. 150 గ్రాముల చింతపండు పులుసు తీసి, నూనెలో ఆవాలు, మిర్చి, పసుపుతో నూనె పైకి తేలేదాకా ఉడికిస్తే ఫ్రిజ్‌లో నెల రోజులుంటుంది. నీరు ఇగరకముందే దించితే బూజు పడుతుంది.

టమోటా ధర మదనపల్లె మార్కెట్టు ఊగినట్టల్లా ఊగుతుంది, మీరు దాన్ని పట్టుకుని ఊగక్కర్లేదు. చవకగా దొరికినప్పుడు మూడు కిలోలు ఉడికించి కిలో గుజ్జు అయ్యేదాకా ఇగరబెట్టి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో వేయండి. ధర మండినప్పుడు అది అక్కరకొస్తుంది, లేదంటే ఆ వారం చింతపండు పులుసు.

ఆదివారం విషయంలో నేను కాస్త గట్టిగా చెబుతాను. ఇంట్లో బిర్యానీ చేసి డబ్బు మిగల్చాలని చూడకండి. బాస్మతి, నెయ్యి, పుదీనా, పెరుగు, మసాలాలు కొన్నాక అది చవకా కాదు, ఒక పూట పని కూడా. కిలో కోడి 240, ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ, మసాలా, నూనెకు 70, సంగటికి 30. మొత్తం 340కి ఐదుగురికీ కోడి పులుసు, రాగి సంగటి, రాత్రికి దోసెలోకి ఇంకాస్త పులుసు. సంగటికి గ్లాసు బియ్యం నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికాక, గ్లాసు రాగి పిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు వెనకవైపుతో గుంత చేసి, మూతపెట్టి సన్న మంట మీద పది నిమిషాలు కదిలించకుండా వదిలేయాలి. ఆ తర్వాతే దించి గట్టిగా కెలకాలి. పిండి పోయగానే కలిపితే ఉండలు కడతాయి, లోపల పచ్చివాసన మిగులుతుంది. (అత్తయ్యకు షుగర్ అన్నారు. రాగి అయినా పిండిపదార్థమే, ముద్ద ఎంత పెట్టాలో డాక్టరును అడగండి.) నెలకు ఒక ఆదివారం మాత్రం బయటి బిర్యానీ అలాగే ఉంచండి. నాలుగులో మూడు మారిస్తే మిగిలేది 1,590. నాలుగో దాన్ని కూడా లాక్కుంటే 530 కోసం ఇంటిల్లిపాదినీ ఎదురు పెట్టుకున్నట్టు.

చిరుతిళ్లలో అన్నీ ఇంట్లో చేయాల్సినవి కావు. నిప్పట్లు చేయండి: అర కిలో బియ్యప్పిండి, 100 గ్రాముల పుట్నాలపప్పు పొడి, గుప్పెడు దంచిన చెనక్కాయలు, నువ్వులు, కారం, కరివేపాకు, నాలుగు పెద్ద చెంచాల కాగిన నూనె. ఆ నూనె ఎక్కువైతే బాణలిలో విరిగిపోతాయి, తక్కువైతే రాళ్లలా ఉంటాయి. నీళ్లు కొద్దికొద్దిగా చల్లి కలపండి, కలిపిన పిండి ఆరిపోకుండా తడిగుడ్డ కప్పండి. వేయించడానికి అర లీటరు నూనె పోస్తే పీల్చుకునేది 120 మిల్లీలీటర్ల దాకా. నా లెక్కలో అది మాత్రమే ఖర్చు, కానీ మిగిలింది పారబోస్తే లెక్క తలకిందులవుతుంది. వడగట్టి వారంలోపు తాలింపులకు వాడేయండి, మళ్లీ వేపుడుకు పెట్టొద్దు. గ్యాసు అనుకున్నంత ఏమీ కాదు: మోస్తరు మంట మీద గంటకు 150 గ్రాములు, అంటే దాదాపు పది రూపాయలే. అన్నీ కలిపి 85కి దాదాపు 700 గ్రాములు వస్తాయి. మీరు కొనే చోట కిలో 320 అంటున్నారు.

చెనక్కాయ ఉండలు ఇంకా చవక. పావు కిలో విత్తనాలు, 200 గ్రాముల బెల్లం, యాలకులు, మొత్తం 50. బెల్లాన్ని రెండు చెంచాల నీళ్లతో కరిగించి ముందు వడగట్టండి, ఇసుక ఉంటుంది. పాకం చుక్క నీళ్లలో వేసి తీసి పళ్లెం మీద కొడితే టంగుమనాలి. మెత్తగా సాగుతుంటే ఇంకో నిమిషం. తొందరపడి దించితే ఉండలు మర్నాటికి జారిపోతాయి.

పఫ్‌లు, కేకులు, ఐస్‌క్రీం కొనుక్కోవడమే మేలు. పన్నీరు కూడా అంతే: లీటరు చిక్కటి పాలకు వచ్చేది 200 గ్రాముల లోపు, ప్యాకెట్ ధరకు పెద్ద తేడా రాదు. పాలు విరిగిన రోజు మాత్రం చేసుకోండి. నెలకు నిప్పట్లు రెండుసార్లు, ఉండలు రెండుసార్లు కలిపి 270, బేకరీకి విడిగా 500. దీంతో 1,780 కాస్తా 770 అవుతుంది, మిగిలేది 1,010. ఆ 500 పిల్లల చేతికే ఇచ్చి చూడండి. అయిపోతే మళ్లీ ఒకటో తారీఖే అంటే వాళ్లే పొదుపు చేస్తారు.

2,000, 1,590, 1,010. మొత్తం 4,600. తిండి ఖర్చు 21,000కి, అంటే జీతంలో 33 శాతానికి దిగుతుంది. నెలకు ఆరు లీటర్ల వేరుశనగ నూనె వాడుతున్నామని రాశారు, ఐదుగురికి నాలుగు చాలు. పెద్ద డబ్బా నుంచి నేరుగా బాణలిలోకి ఒంపడం మానేసి అర లీటరు చిన్న సీసాలోకి పోసుకుని వాడితే దానంతటదే తగ్గుతుంది. ఆ ఆదా పై లెక్కలో వేయలేదు.

ఈ 4,600ను మొదట పెట్టాల్సింది కార్డు బాకీలో. నెలకు 3.5 శాతం అంటే 22,000 మీద వడ్డీయే 770, దాని మీద 18 శాతం జీఎస్టీ. మినిమమ్ కడుతూ పోతే బాకీ కదలదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ఈ రోజే తిండి యాప్‌లోంచి కార్డు నంబరు తీసేయండి. మిగిలిన నాలుగు ఆర్డర్లకూ యూపీఐ. కార్డుకు ఇప్పుడు కట్టే మినిమమ్‌ను అలాగే ఉంచి దాని పైన 4,600 కడితే ఐదో నెలకు తీరిపోతుంది. ఆ మినిమమ్ డబ్బు వేరేచోట అవసరం పడి 4,600 మాత్రమే కట్టినా ఆరో నెల దాటదు.

బాకీ తీరాక నెలకు 3,000 పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే పొదుపు ఖాతా) వేయండి. 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకు 2.14 లక్షల దాకా అవుతుంది. మిగతా 1,600 పాప పేరున సుకన్య ఖాతాకు (ఆడపిల్లల కోసం ఉన్న ప్రభుత్వ పొదుపు పథకం). పదేళ్లు నిండకముందే తెరవాలి కాబట్టి మీకు ఇంకా సమయం ఉంది, కానీ కార్డు తీరేదాకా ఆగనక్కర్లేదు. 250 కట్టి ఖాతా ఇప్పుడే తెరిచి పెట్టుకోండి. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్ తీసుకుని వెళ్లండి.