ఉచితంగా నడిచిన గ్రూపుకు ఇప్పుడు చందా కట్టమంటున్నారు

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా పనిచేస్తున్నాను. 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో విజయవాడకు చెందిన ఒక కన్సల్టెంట్ గారు మాలాంటివాళ్ల కోసం టెలిగ్రామ్‌లో గ్రూపు పెట్టారు. అందరం ఉచితంగా చేరాం. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు వచ్చిన నోటీసులకు నేను రాసిన జవాబులు ఎన్నో అందులో పెట్టాను. అర్ధరాత్రి దాకా కూర్చుని కొత్తవాళ్ల సందేహాలు తీర్చాను. కొన్నాళ్లు అడ్మిన్‌గా కూడా ఉన్నాను. 2023లో ఫైళ్ల లైబ్రరీ ఖర్చుల కోసం తలా రూ.2,500 విరాళం ఇచ్చాం. ఇచ్చినవాళ్లకు జీవితకాల సభ్యత్వం అన్నారు. పోయిన దసరా తర్వాత గ్రూపులో పోస్టులు ఆపేసి, అంతా ఒక యాప్‌లోకి మార్చి, ఏడాదికి రూ.6,000 కట్టినవాళ్లకే ప్రవేశం అంటున్నారు. నేను రాసిన జవాబులూ అందులోనే ఉన్నాయి. ఇదేమిటని అడిగితే నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఇంత చేసిన నాకు ఈ అవమానమా? మేం పెంచిన గ్రూపును ఆయన అమ్ముకోవచ్చా? పాత డ్రైవ్ పాస్‌వర్డ్ నా దగ్గర ఇంకా పనిచేస్తోంది. ఫైళ్లన్నీ దించుకుని వేరే ఉచిత గ్రూపు పెట్టమని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అవమానం గురించే ఉంది. కేసు మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఆ రూ.2,500 మీద నిలబడుతుంది. మిగతాదంతా కోర్టు వింటుంది, కానీ దాన్ని బట్టి తీర్పు ఇవ్వదు.

ఉచితంగా ఇచ్చేదాన్ని ఎప్పటికీ ఉచితంగానే ఇవ్వాలని ఎవరినీ బలవంతపెట్టలేం. ప్రతిఫలం లేని ఒప్పందం సాధారణంగా చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఉచితంగా చేసే పనిని 'సేవ' నిర్వచనంలోంచే తీసేసింది. కాబట్టి 2017 నుంచి ఉచితంగా వాడుకున్నాం, ఇకముందూ అలాగే ఉండాలి అని నోటీసు ఇస్తే మొదటి రోజే పోతుంది. మీరు అర్ధరాత్రి దాకా తీర్చిన సందేహాలకూ ఇదే వర్తిస్తుంది. ఆయన అడగకుండా, ప్రతిఫలం మాట అనుకోకుండా మీ అంతట మీరు చేసిన సాయానికి ఇప్పుడు లెక్క కట్టలేరు.

రూ.2,500 సంగతి వేరు. మీరే ఒకచోట విరాళం అన్నారు, ఆ పక్కనే జీవితకాల సభ్యత్వం అన్నారు. విరాళమైతే అది ఇచ్చేసిన డబ్బు, మళ్లీ అడగలేరు. సభ్యత్వానికి తీసుకున్న సొమ్మైతే అది ఒప్పందం, దాన్ని తప్పింది ఆయన. ఈ రెండింటిలో ఏదో తేల్చేది 2023లో ఆయన పెట్టిన మెసేజ్ ఒక్కటే. అందులో 'ఇంత కడితే జీవితాంతం లైబ్రరీ వాడుకోవచ్చు' అన్న అర్థం ఉంటే మీ చేతిలో కేసు ఉంది. 'మీకు తోచింది ఇవ్వండి' అని ఉంటే లేదు. ఇంత పెద్ద ఉత్తరం రాసి ఆ నాలుగు లైన్లు యథాతథంగా రాయకపోవడం మీ పొరపాటు. నోటీసులకు జవాబులు రాసే వృత్తిలో ఉండి కాగితం విలువ మరిచిపోతే ఎలా?

ఆ మెసేజ్ ఇప్పుడు మీకు కనబడదు, ఎందుకంటే మిమ్మల్ని తీసేశారు. ఆయన తలచుకుంటే ఈ రాత్రికే అందరికీ కనబడకుండా చెరిపేయగలరు. గ్రూపులో ఇంకా ఉన్న మిత్రుణ్ని పట్టుకుని, అతని కంప్యూటర్లో టెలిగ్రామ్ డెస్క్‌టాప్ నుంచి చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఆ ఒక్క మెసేజ్ మాత్రమే కాదు, ముందూ వెనకా జరిగిన సంభాషణ కూడా రావాలి. కత్తిరించిన స్క్రీన్‌షాట్‌ను అవతలి లాయరు రెండు ప్రశ్నల్లో పడగొడతాడు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం ఆ కంప్యూటర్ ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాలి. కంప్యూటర్ మిత్రుడిది కాబట్టి ఆ సంతకం మిత్రుడిదే. రేపు కోర్టుకు రావలసి వస్తే వస్తాడా అని ఇప్పుడే అడగండి. డబ్బు పంపినట్టు ఫోన్‌పే స్క్రీన్ చాలదు, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంటు బ్యాంకు సర్టిఫికెట్‌తో తీసుకోండి. ఈ పని పూర్తయ్యేదాకా ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి.

గడువు విషయానికి వస్తే, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే 69వ సెక్షన్ కింద రెండేళ్లు. డబ్బు కట్టిన 2023 నుంచి లెక్కించాలని అవతలివారు వాదిస్తారు. మీకు ప్రవేశం ఆపేసిన రోజు నుంచి అని మనం అనాలి. అందుకే ఆ తేదీకి కాగితం ఉండాలి. సివిల్ కోర్టులో ఒప్పంద భంగానికి మూడేళ్లు. కమిషన్ ముందు ఇంకో అభ్యంతరం వస్తుంది: 'ఈయన వృత్తి లాభం కోసం వాడుకున్నాడు, వినియోగదారుడే కాడు' అని. స్వయం ఉపాధి మినహాయింపు 2019 చట్టంలో వస్తువుల గురించే చెబుతోంది, సేవల మాట లేదు. ఇది తేలికైన అభ్యంతరం అని నేను అనను.

మీరు రాసిన జవాబుల విషయంలో మీ బలం మీరనుకున్న దానికంటే ఎక్కువ. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసినవాడే మొదటి యజమాని. హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ కింద సంతకంతో రాతపూర్వక పత్రం ఉండాలి. మీరు అలాంటిదేమీ ఇవ్వలేదు. గ్రూపులో పెట్టడమంటే సభ్యులు వాడుకోవడానికి అనుమతి. దాన్ని అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చినట్టు కాదని గట్టిగా వాదించవచ్చు. నష్టపరిహారానికి గడువు ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లు. 62వ సెక్షన్ వల్ల మీరు ఉండే గుంటూరు జిల్లా కోర్టులోనే వేయవచ్చు, విజయవాడ తిరగనక్కర్లేదు. అయితే మీరు ఎత్తిరాసిన సెక్షన్లు, గెజిట్ నోటిఫికేషన్లు, తీర్పుల పాఠం మీవి కావు. ఆ వ్యాపారి ఖాతాల లెక్కలను బట్టి మీరు అల్లిన వాదనే మీది.

అది మీదేనని ఎలా చూపిస్తారు? డీఆర్‌సీ-01, ఏఎస్‌ఎంటీ-10 లాంటి జీఎస్టీ నోటీసులకు మీరు ఇచ్చిన జవాబు క్లయింటు లాగిన్‌లో పోర్టల్‌లో తేదీతో సహా ఉంటుంది. గ్రూపులో పెట్టిన తేదీ దాని తర్వాతది. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు. కానీ ఇక్కడ ఒక మాట. ఆ జవాబుల్లో వ్యాపారుల పేర్లు, జీఎస్టీ నంబర్లు తీసేశారా? తీయకుండా పెట్టి ఉంటే మీ క్లయింట్ల లెక్కలను వేలమందికి చూపించారన్నమాట. వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి. కోర్టుకు వెళ్లేముందు వాళ్లతో మాట్లాడండి.

ఇక పాస్‌వర్డ్. దయచేసి దాన్ని ముట్టుకోవద్దు. మీరు అడ్మిన్‌గా ఉన్నప్పుడు ఇచ్చిన అనుమతి మిమ్మల్ని తీసేసిన రోజే పోయింది. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, దించుకోవడం, చెరపడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తాయి. దురుద్దేశంతో చేశారంటే 66వ సెక్షన్: మూడేళ్ల దాకా జైలు, లేదా రూ.5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా అందులో ఉన్నవి మీ ఫైళ్లే కావు, వేరేవాళ్లు రాసినవీ ఉన్నాయి. వాటిని తెచ్చి కొత్త గ్రూపులో పంచితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ మీ మీదికే వస్తుంది, ఆ నేరం నాన్ బెయిలబుల్ అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. లాగిన్ రికార్డులో మీ పేరు, టైము పడతాయి. బాధితుడిగా ఉన్న మీరు ముద్దాయి అవుతారు. పొరపాటున ఇప్పటికే లోపలికి వెళ్లి ఉంటే ఏదీ చెరపకుండా అక్కడితో ఆపి, మీ లాయరుకు నిజం చెప్పండి.

కొత్త ఉచిత గ్రూపు తప్పకుండా పెట్టుకోండి, మీ కంప్యూటర్లో ఉన్న మీ ఫైళ్లతో. చేరేటప్పుడే ఎవరి రాత ఎవరిదో, డబ్బు తీసుకుంటే దేనికో రెండు పేరాలు రాసి పిన్ చేయండి.

గ్రూపు పెట్టిన ఆ కన్సల్టెంట్ గారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. గ్రూపు మూసేయాలని గానీ, ఉచితం చేయాలని గానీ అడగవద్దు. సభ్యత్వం నిలబెట్టండి లేదా రూ.2,500 తిరిగి ఇవ్వండి, జతచేసిన జాబితాలో ఉన్న నా జవాబులు పదిహేను రోజుల్లో తీసేయండి – ఇంతే. విరాళం అన్న మాట నోటీసులో ఎక్కడా రాకూడదు, మెసేజ్‌లో ఆయనే ఆ మాట వాడి ఉంటే తప్ప. అలాంటప్పుడు దాచవద్దు, ముందు నాలాంటి లాయర్లకు చూపించండి. డబ్బు కట్టిన మిగతావాళ్లు కలిసొస్తే, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు.

ఇంత చిన్న మొత్తానికి ఏళ్ల తరబడి తిరగడం కంటే ముందు గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ ప్రయత్నం) కింద దరఖాస్తు పెట్టండి. ఆయన్ను పిలిపిస్తారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టేముందు మీ జవాబులు ఏ తేదీలోగా తీసేస్తారో, తీయకపోతే ఏమిటో అందులో రాయించుకోండి.