కొవ్వొత్తుల పెట్టెలూ చిప్ షేర్లూ

ప్రశ్న: 2021 ఆగస్టులో మైక్రాన్ (మెమరీ చిప్‌లు చేసే అమెరికా కంపెనీ) షేర్లు కొన్నానండి. కొన్న కొద్దిరోజులకే మోర్గాన్ స్టాన్లీ అనే అమెరికా బ్రోకరేజీ ఆ షేరు రేటింగ్ తగ్గించింది (డౌన్‌గ్రేడ్). 2022 చివర్లో 50 డాలర్లకి పడిపోయినా అమ్మలేదు. ఇప్పుడు లాభంలోనే ఉన్నా గానీ డౌన్‌గ్రేడ్, ఇన్వెంటరీ అన్న మాటలు చూస్తే నిద్ర పట్టట్లేదు. రెండేళ్ళలో మధురవాడలో ఫ్లాట్ కొనాలని ఉంది. ఉంచమంటారా, అమ్మమంటారా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మీరు వైజాగ్‌లోనే ఉండుంటే ఈ ఇన్వెంటరీ గోల, అంటే అమ్ముడుకాని సరుకు నిల్వల గోల, సగం తెలిసినట్టేనండి. కరెంటు లేదు, ఒక పేకెట్ కొవ్వొత్తులు చాలినోళ్ళు కూడా మూడేసి కొన్నారు, అది చూసి మా వీధి కిరాణా కొట్టాయన పెట్టెలకి పెట్టెలు ఆర్డర్ పెట్టేశాడు, తీరా సరుకు దిగేసరికి కరెంటు వచ్చేసింది. ఎండాకాలానికి అవన్నీ రేకుల షెడ్డులో వంకర్లు తిరిగిపోయి ఉన్నాయి. ఇళ్ళల్లో ఉన్నవి అయ్యేదాకా మళ్ళీ ఎవరు కొంటారు మరి!

2020-21 చిప్ కొరతలో జరిగిందీ అదే. దొరకదేమోనని అందరూ ఎక్కువెక్కువ ఆర్డర్లు పెట్టారు, 2022లో ఫోన్లు, కంప్యూటర్ల అమ్మకాలు తగ్గగానే ముందు తమ దగ్గరున్న స్టాకే వాడుకున్నారు, అందుకే షాపులో అమ్మకం కాస్త తగ్గితే మైక్రాన్‌కి ఆర్డర్లు ధడాలున పడిపోయాయి. 2023 ఆర్థిక సంవత్సరంలో దానికి 580 కోట్ల డాలర్ల నష్టం.

డౌన్‌గ్రేడ్ సంగతంటారా, మీరు చెప్పినదాని తర్వాత కూడా షేరు 2022 జనవరికి 90 డాలర్లు దాటింది, అసలు పతనం ఆ తర్వాతే. మాట తప్పు కాదు, టైమింగే కుదరలేదు. నేనైతే రేటింగ్ పక్కన పెట్టి ప్రతి క్వార్టర్ రిజల్ట్స్‌లో ఎన్ని రోజుల సరుకు గోదాములో ఉందో చూస్తాను. ఇంకోటి, మెమరీ కంపెనీల్లో లాభాలు దండిగా ఉన్నప్పుడే పీఈ (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లో చెప్పేది) తక్కువగా, చవగ్గా కనపడుద్ది, ఆ తర్వాత లాభాలు పడిపోతాయి, అక్కడే జనం ఇరుక్కుంటారు.

అలాగని పట్టుకుని కూర్చుంటే చాలదు. ఇంకో చిప్ కంపెనీ ఇంటెల్ షేరు 2000లో 75 డాలర్ల దాకా వెళ్ళింది, ఆ రేటు మళ్ళీ చూడ్డానికి ఇరవై ఏళ్ళు దాటినా చాల్లేదు.

ఫ్లాట్ డబ్బు మాత్రం ఇప్పుడే విడతల్లో తీసేయండి, చిప్‌లకి గిరాకీ పడిపోయే ఒక డౌన్ సైకిల్‌కే రెండేళ్ళు పోతాయి. మిగతాది ఉంచుకోండి. అమ్మినదాని లాభం మీద లాంగ్ టర్మ్ కింద 12.5 శాతం ట్యాక్స్ పడుద్ది. అన్నట్టు, ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపుతున్నారా? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు మీరు.