నల్ల గొర్రెల మంద పెట్టుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నల్ల ఉన్ని దక్కనీ గొర్రెలే పెంచుతానన్నావు, చాలా సంతోషం. ఎండకూ వానకూ, రోజంతా నడకకూ ఓర్చుకునే జీవం అది. గొంగడికి ఉన్ని ఇచ్చేదీ అదే. కానీ మాంసం ఎక్కువ వస్తుందని చాలా మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లను దించారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే. మందలో పుట్టే ప్రతి పిల్లలో సగం రక్తం పొట్టేలుదే కదా, రెండు మూడు ఈతలు తిరిగేసరికి మంద రూపే మారిపోతుంది. అందుకే ముందు పొట్టేలు సంగతి.

పొట్టేలును పగటి వెలుగులోనే కొను. వీపు మీదా పక్కల మీదా ఉన్నిని వేళ్లతో పాయ తీసి చూడు. ఒకచోట ఉన్ని, ఇంకోచోట నున్నటి వెంట్రుక కనిపిస్తే కలగలుపని అనుమానించు. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉండాలి. వీలైతే తల్లిని కూడా చూడు. 25 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. రెండేళ్లు దాటకుండా మార్చెయ్యి, లేకపోతే తన కూతుళ్లతోనే కలుస్తుంది. పిల్లలు బలహీనంగా పుడతాయి. ఏ పిల్ల ఏ తల్లిదో చెవి బిళ్ల నంబరుతో పుస్తకంలో రాసుకో. దీనికి బద్ధకిస్తే జాతి నిలబడదు.

గొర్రెలు రెండు, నాలుగు పళ్ల వయసువి, అంటే సుమారు ఏడాది నుంచి రెండేళ్లవి తీసుకో. పొదుగును చేత్తో నొక్కి చూడు, గడ్డ తగిలితే వదిలెయ్యి. కొత్తగా తెచ్చినవాటిని మూడు వారాలు విడిగా ఉంచి తర్వాతే మందలో కలుపు.

పొట్టేలును కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు రోజుకు 200 గ్రాముల దాణా పెడితే ఎద బాగా వస్తుంది. సూడి, అంటే కడుపుతో ఉండే కాలం, సుమారు 150 రోజులు. ఈతలు ముసురు వానల్లో పడకుండా లెక్క వేసుకో. చివరి ఆరు వారాలూ మళ్లీ దాణా తప్పనిసరి, పిల్ల కడుపులో పెరిగేదంతా అప్పుడే.

ఈనేటప్పుడు ముందు రెండు కాళ్లు, వాటి మధ్య ముట్టె కనిపిస్తే ఏమీ ముట్టుకోకు. ఉమ్మనీటి సంచి పగిలి గంట దాటినా పిల్ల రాకపోతే డాక్టరును పిలువు. పిల్ల పడగానే ముక్కులోని జిగురు తుడిచి, బొడ్డును టింక్చర్ అయొడిన్‌లో ముంచు. చన్ను మొదట పిండి చూడు. కొనలో మైనంలాంటి బిరడా ఉంటుంది, అది ఊడితేనే పిల్లకు పాలు దిగుతాయి. గంటలోపు ముర్రుపాలు తాగాలి. మూడు కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం మీద 600 మిల్లీలీటర్ల దాకా కావాలి. ఆ పిల్ల లేచి, వణికే కాళ్లతో పొదుగు వెతుక్కుని తోక ఆడించడం చూశావంటే రాత్రంతా మేలుకున్న అలసట ఉండదు.

అసలు పరీక్ష వానాకాలం. తొలకరి లేతగడ్డి ఒక్కసారిగా మేస్తే చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం బాగున్న జీవం, అదీ మందలో కండపట్టినదే, తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. అప్పుడు వైద్యానికి వ్యవధి ఉండదు, వానలకు ముందే టీకా వేయించు. జ్వరం, విరేచనాలతో మందకంతా అంటుకునే పారుడు రోగం (పీపీఆర్) టీకా కూడా మరవకు. ఎండకు వడలిన జొన్న, కోసిన మోడుకు వచ్చిన పిలకల వైపు మందను పోనివ్వకు. వాటిలోని విషం (నాము) తగిలితే నిమిషాల్లో పడిపోతాయి.

నట్టల (రక్తం తాగే కడుపు పురుగుల) మందు మందంతటికీ ఊరికే తాగించకు, మందుకు లొంగని పురుగులే మిగులుతాయి. రెండు వారాలకోసారి కంటి కింది రెప్ప లాగి చూడు. ఎర్రగా ఉంటే వదిలెయ్యి. తెల్లబడినా, దవడ కింద నీరు దిగినా తాగించు, తూకం వేసి సరైన మోతాదులో. గిట్టలు కుళ్లితే 10 లీటర్ల నీటికి కిలో జింకు సల్ఫేటు కలిపి కొన్ని నిమిషాలు అందులో నిలబెట్టు. ఆవుల ఖనిజ మిశ్రమం, కోళ్ల దాణా పెట్టనేకూడదు. వాటిలోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుని చంపుతుంది.

ఉన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరించు. చలిలో వద్దు, నిండు సూడివాటిని అసలే వద్దు. ముందురోజు వాగులో కడిగి బాగా ఆరనివ్వు. కత్తెరను చర్మానికి ఆనించి ఒక్క కోతలో తియ్యి. మళ్లీ మళ్లీ కోస్తే పొట్టి ముక్కలు పడి నూలు తెగుతుంది. ఎక్కడైనా గాటు పడితే వెంటనే వేపనూనె రాయి, లేదంటే ఈగలు వాలి పురుగు పడుతుంది. పిల్లల తొలి ఉన్ని మెత్తగా ఉంటుంది, దాన్ని వేరుగా గోనెసంచిలో కట్టిపెట్టు. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మపట్టి చెడిపోతుంది.