మిర్చి కొట్టు గుమస్తా ఆడే ఆటలు: స్టార్‌డ్యూ వ్యాలీ, బలాట్రో, ఒక లారీ

"ఇప్పుడు ఏ గేములు ఆడుతున్నారు, ఎలా ఉన్నాయి? ఉద్యోగం చేసుకునేవాళ్ళకి పనికొచ్చేవి చెప్పండి" అని అడిగారు. నేను చెప్పేవాటిలో కొత్తవేం లేవు. గేము వచ్చిన రోజే కొనే అలవాటు నాకు లేదు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో సేల్ పడ్డప్పుడు కొనుక్కుంటా. ఉన్నది గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్. దొరికేది రాత్రి పిల్లలు పడుకున్నాక గంటో, గంటన్నరో.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. పొద్దుటి నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా చీటీలు, రైతుల పట్టీలు (అమ్మకం లెక్క కాగితాలు). అందుకేనేమో ఆటలో కూడా నాకు లెక్క కనపడాలి. ఎందుకు గెలిచానో, ఎందుకు పోయిందో కాగితం మీద వేసి చూసుకునేట్టు ఉంటేనే ఆడబుద్ధేస్తుంది. కింద రాసేదంతా ఆ పిచ్చి ఉన్నవాడి మాటగానే తీసుకోండి.

ఎక్కువగా ఆడుతున్నది స్టార్‌డ్యూ వ్యాలీ. 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడు అన్నీ తనే చేసుకున్నాడు. పట్నంలో ఉద్యోగం విసుగొచ్చినవాడు తాత ఇచ్చిన పాడుబడ్డ పొలానికెళ్ళి సేద్యం మొదలెడతాడు. కథ అంతే. నాకు మాత్రం అందులో మిర్చి ఉందని తెలిసిన క్షణం నుంచి వేరే ధ్యాస లేదు.

ఆటలో కాలానికి 28 రోజులు. వేసవి ఒకటో తారీఖున ఊళ్ళో పియెర్ అనే అతని కొట్టులో మిర్చి విత్తనం కొన్నా, ఒక్కోటి ఆట డబ్బులో 40. నాటిన ఐదు రోజులకు మొదటి కోత, అక్కడి నుంచి మూడు రోజులకోసారి. అంటే 6న మొదలై 27తో అయిపోతుంది, మొత్తం ఎనిమిది కోతలు. కాయ 40 చొప్పున చెట్టుకి 320, విత్తనం పోను 280 మిగులు. రోజూ నీళ్ళు పోయాలి, కాకులు రాకుండా దిష్టిబొమ్మ పెట్టాలి. ఇంకేం ఖర్చు లేదు.

ఇక్కడే నాకు నవ్వొచ్చింది. మా వైపు మిరప రైతు నడుం విరిచేది కోత కూలి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగి, పొలాల దగ్గర గుడిసెలేసుకుని కాయ కోస్తారు. స్టార్‌డ్యూలో మౌస్ నొక్కితే కాయ చేతిలో ఉంటుంది. ఎండబెట్టే కల్లం లేదు, తాలు ఏరేది లేదు, మచ్చు చేత్తో నలిపి చూసి "తేమ ఉందయ్యా" అని రేటు కోసేవాడు లేడు. 2021లో మా రైతుల్ని నిలువునా ముంచిన నల్ల తామర పురుగు లాంటిదైతే అసలే లేదు. ఉన్న గ్రేడింగు కూడా నిక్కచ్చిగా ఉంటుంది. కాయ మీద వెండి నక్షత్రం ఉంటే పావు వంతు ఎక్కువ, బంగారు నక్షత్రం ఉంటే సగం ఎక్కువ. బేరం లేదు.

నాకసలు మింగుడుపడనిది ధర. అమ్మకానికి పెట్టే పెట్టెలో ఒక్క కాయ వేసినా 40, వెయ్యి వేసినా 40. సీజన్‌లో యార్డుకి లక్షకు పైగా టిక్కీలు దిగిన రోజు రేటు ఎలా జారుతుందో చూసినవాడికి ఇది పరలోకమే. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే, కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు 20 వేలు దాటిన సరుకది. ఆ రోజుల్లో పట్టీలు రాయడమంటే చేతులు రాలేదు. రాత్రి ఇంటికొచ్చి స్టార్‌డ్యూ తెరిస్తే మిర్చి 40. నిన్నా 40, రేపూ 40. చెప్పొద్దూ, కాస్త ఊరటగానే ఉండేది.

అయినా ఆటగా చూస్తే ఇది లోపమే అంటాను. ధర పడదని తెలిశాక పొలమంతా ఒకే పంట వేసేస్తాం. ఆ పంట మిర్చి కూడా కాదు. బ్లూబెర్రీ విత్తనం 80, 13 రోజులకు కాపు మొదలు, ఆపైన నాలుగు రోజులకోసారి మూడేసి కాయలు, కాయ 50. కాలంలో నాలుగు కోతలు, చెట్టుకి 600, విత్తనం పోను 520. మిర్చికి దాదాపు రెట్టింపు. గుంటూరు వాడిగా కాస్త బాధేసింది, అయినా బ్లూబెర్రీయే వేశా. గట్టు వెంబడి మాత్రం ఒక వరస మిర్చి ఉంటుంది. దానికో కారణం ఉంది. ఊరి మేయర్ లూయిస్‌కి మిర్చి అంటే ప్రాణం. పండుగ చేసుకుంటూ తీసుకుంటాడు. తాగుడులో పడ్డ, కోళ్ళంటే ఇష్టపడే షేన్ కూడా అంతే, పలకరిస్తే విసుక్కునేవాడు మిర్చి ఇచ్చేసరికి మెత్తబడతాడు. వాళ్ళిద్దర్నీ మచ్చిక చేసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

ఇంకో తమాషా. ఆట లెక్కలో మిర్చి పండ్ల జాబితాలో ఉంది. అందుకని దాంతో జెల్లీ పెట్టొచ్చు, వైన్ కూడా తీయొచ్చు! మిర్చి వైన్ అంటే మా ఆవిడ అరగంట నవ్వింది. జెల్లీకి ధర కాయ ధరకు రెట్టింపు వేసి 50 కలుపుతారు, అంటే 130. వైన్‌కి మూడింతలు, 120. వైన్ తయారవడానికి వారం పడుతుంది, జెల్లీ రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఖరీదైన పండైతే వైనే లాభం గానీ మిర్చికి జెల్లీయే. నా మటుకు నేను దాన్ని పండుమిర్చి పచ్చడి అనే అనుకుంటూ జాడీల్లో పెడుతున్నా.

ఒక జాగ్రత్త చెప్పాలి. రోజు ముగించి పడుకుంటేనే ఆట సేవ్ అవుతుంది. ఆట రోజంటే మనకు సుమారు 14 నిమిషాలు. డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్ళకి ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయిందంటే ఆ రోజు కోసిన కాయంతా గోవిందా.

రెండోది బలాట్రో, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఇదీ ఒక్కడు చేసిన ఆటే, కెనడా అతను, లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉంటాడు. పైకి పోకర్‌లా ఉంటుంది గానీ ఎదురుగా ఆడేవాడు ఉండడు, డబ్బు పెట్టేది ఉండదు. ఎనిమిది ముక్కలు చేతికొస్తాయి, అందులోంచి ఐదు దాకా వేస్తే మార్కులు పడతాయి. రౌండుకి ఇన్ని మార్కులు దాటాలి, అంతే.

లెక్క ఎంత శుభ్రంగా ఉంటుందో ఒక్క ఆట చూపిస్తా. ఆఠీను రాజు, పది, ఎనిమిది, ఐదు, రెండు చేతిలో ఉన్నాయి. ఐదూ ఒకే రంగు, అన్నీ ఆఠీన్లే, అంటే ఫ్లష్. ఫ్లష్‌కి పునాది 35, గుణించేది 4. ముక్కల విలువ పది, పది, ఎనిమిది, ఐదు, రెండు కలిపి 35. మొత్తం 70, నాలుగుతో గుణిస్తే 280. మొదటి రౌండులో దాటాల్సింది 300. ఒక్క దెబ్బకి తేల్చేద్దామనుకుంటే 20 తక్కువ! ఇప్పుడు ఆటలోని దుకాణంలో రెండు ఆట డాలర్లకు దొరికే మామూలు జోకరు ఒకటి కొన్నామనుకోండి. అది గుణించే అంకెకు 4 కలుపుతుంది. అవే ఐదు ముక్కలు, 70 ఇంటూ 8, 560. జోకర్లు 150 రకాలున్నాయి, మామూలుగా ఐదు పెట్టుకోవచ్చు. ఏది దేని పక్కన పెట్టాలి అన్నదాంట్లోనే ఆటంతా ఉంది.

సంక్రాంతికి పదమూడు ముక్కలాట ఆడి పెరిగిన మనకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది. చెయ్యి దానంతటదే సీక్వెన్స్ వైపు పోతుంది. రమ్మీలో ఒకే రంగువి వరస లేకుండా ఎన్నున్నా దండగ. బలాట్రోలో రంగు కలిస్తే చాలు, ఫ్లష్ పునాది వరసకంటే కాస్త ఎక్కువే. వరస వేసేటప్పుడేమో రంగు కలవక్కర్లేదు. మనం ప్యూర్ సీక్వెన్స్ అనేది ఇక్కడ స్ట్రెయిట్ ఫ్లష్, దానికి పునాది 100, గుణించేది 8. ఊరిస్తుంది గానీ దానికోసం కూర్చుంటే రౌండు పోతుంది. రమ్మీ తెలిసినవాళ్ళు మొదట్లో తెలియనివాళ్ళ కంటే ఎక్కువ ఓడిపోతారని నా అనుమానం.

నాకు బాగా నచ్చింది వడ్డీ. రౌండు అయ్యేసరికి చేతిలో మిగిలిన ప్రతి ఐదు డాలర్లకు ఒక డాలరు వడ్డీ వస్తుంది, ఐదు డాలర్ల వరకు. అంటే రౌండుకి నూటికి ఇరవై! బెజవాడ కాల్ మనీ వడ్డీ వ్యాపారులకి కూడా కన్ను కుట్టే రేటు. అందుకని 25 చేతిలో ఉంచుకుని, పైన ఉన్నది మాత్రమే ఖర్చు పెట్టడం నేర్చుకోవాలి. దుకాణంలో మంచి జోకరు కనిపించినప్పుడు ఆ 25 ముట్టుకోవాలా వద్దా అనే దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. మూడో రౌండుకోసారి బాస్ వస్తాడు. ఒకడు రాజు, రాణి, జాకీల విలువ తీసేస్తాడు, ఇంకొకడు ఒక్కసారే ముక్కలు వేయనిస్తాడు. బాస్ ఎవడో ముందే చూపిస్తారు కాబట్టి ఓడిపోతే తిట్టుకోవాల్సింది మనల్నే.

కొట్టులో ఫోన్ తెరిస్తే చాలు, పక్కవాళ్ళు "డబ్బులు పెట్టి ఆడుతున్నావా ఏంటి?" అంటారు. వాళ్ళ భయమూ నిజమే. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ని 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలన్నిటికీ కేంద్ర చట్టం వచ్చింది. ఈలోపు ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాయో యార్డులో అడిగితే చెప్తారు. బలాట్రో మీద కూడా యూరప్‌లో ఈ గొడవ నడిచింది. పోకర్ బొమ్మలున్నాయని 18 ఏళ్ళ రేటింగ్ ఇచ్చారు, 2025లో దాన్ని 12కి దించారు. చేసినతను మాత్రం ఈ ఆటను ఏ జూదం కంపెనీకీ ఇవ్వకూడదని వీలునామాలో రాసుకున్నానని చెప్పాడు. ఆ ఒక్క మాటకే ఇంకో కాపీ కొని మా తమ్ముడికి ఇచ్చాను.

మూడోది యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. 2012 నాటిది, ప్రాగ్‌లోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ వాళ్ళది, ఇప్పటికీ కొత్త దేశాలు కలుపుతూనే ఉన్నారు. సరుకు ఎత్తుకోవడం, దించడం, డబ్బులు తీసుకోవడం. మొదట ఎవరో కంపెనీ లారీ తోలుతూ, తర్వాత బ్యాంకు అప్పు మీద సొంతది కొనుక్కుని వాయిదాలు కట్టుకోవాలి. సరుకు దెబ్బతింటే కిరాయి కోస్తారు, ఎర్ర లైటు దాటితే జరిమానా, నిద్రపోకుండా తోలితే కళ్ళు మూతలు పడతాయి. డీజిల్ ధర దేశానికో రకం. మన లారీలు కర్ణాటకలో ట్యాంకు నింపుకుని ఏపీలోకి వచ్చే తెలివే ఇక్కడా పనికొస్తుంది. మొదలుపెట్టేవాళ్ళు ఇంగ్లండులో మొదలుపెట్టండి, అక్కడ మనలాగే ఎడమ పక్క తోలతారు.

కోల్‌కతా లైనులో ఎన్నో ఏళ్ళు లారీ తోలిన మా బాబాయ్ ఒక ఆదివారం పక్కన కూర్చుని చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, ఇంత రోడ్డు మీద ఒక్క గేదె అడ్డం రాదేందిరా?" అన్నాడు. సరుకు దించే చోట రివర్స్ పెడుతుంటే, "క్లీనర్ ఏడి? ఎనకమాల ఎవరు చూసేది?" "అద్దంలో మనమే చూసుకోవాలి బాబాయ్." "అయితే నువ్వు గుద్దుతావు." గుద్దాను. అప్పుడు కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. "మా లారీ అంతా ఒకటే ముక్క, ఇది రెండు ముక్కలురా. నువ్వు ఎటు తిప్పితే తోక దానికి ఎదురు పోయిద్ది. కొంచెం తిప్పు, ఆగు, చూడు, మళ్ళీ కొంచెం." వేళ్ళకు బాణం గుర్తులు అలవాటు లేకపోయినా గీతల మధ్య సరిగ్గా దించాడు. నేను ఇన్నాళ్ళూ పార్కింగు అడిగినప్పుడల్లా సులువుది ఎంచుకుని బండి నడిపించేస్తున్నా. ఇప్పుడు కష్టమైనదే తీసుకుంటున్నా, మార్కులూ ఎక్కువ వస్తున్నాయి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. రాజి అని పుణె వాళ్ళు 2020లో చేసిన ఆట ఉంది. కథ మధ్యలో తోలుబొమ్మలతో చెప్పిన ఘట్టాలు చూడటానికే కొనొచ్చు, యుద్ధాలు మాత్రం ఒకే రకంగా సాగుతాయి, అయిపోవడం కూడా చప్పున అయిపోతుంది. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ మానేశా. మా వీధిలో నెట్ ఎప్పుడు జారుకుంటుందో తెలీదు, తుపాకీ గురి నాది, చావు పింగ్‌ది (నెట్ ఆలస్యానిది) అయితే ఏం లెక్క తేలుతుంది? రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మీద ఆశ ఉంది, 150 జీబీ ఖాళీ మీద మాత్రం లేదు. మాటిమాటికీ చచ్చేంత కష్టంగా ఉండే ఎల్డెన్ రింగ్ మా తమ్ముడి ఇంట్లో చూశా. గొప్పదే, కానీ పొద్దంతా చీవాట్లు తిని వచ్చినవాడికి రాత్రి మళ్ళీ అవేనా?

మీ దగ్గర మామూలు లాప్‌టాప్ ఉంటే స్టార్‌డ్యూ, బలాట్రో కళ్ళుమూసుకుని కొనండి, రెండూ కలిపినా ఒక్క జీబీ కావు. ఫోన్‌లో కూడా ఉన్నాయి. బలాట్రో వేలితో ఆడటమే బాగుంటుంది, స్టార్‌డ్యూలో చేపలు పట్టడం మాత్రం ఫోన్ మీద నరకం. లారీకి కనీసం పాత గేమ్‌ప్యాడ్ అయినా సంపాదించుకోండి. వచ్చే సేల్‌లో నేను లారీ ఆటకి గ్రీస్ మ్యాపు తీసుకుందామని చూస్తున్నా. బాబాయ్ ఏమో ముందు స్టీరింగు కొనమంటున్నాడు, సగం డబ్బులు తనే ఇస్తాడట.